టైలరు నెగ్గిన మాట

ఆ వీధిలో టైలరుకి కుట్టుపని కంటే ముందు గొంతు పేరు తెచ్చిపెట్టింది. మనిషి సన్నగా, మెడలో టేపు వేలాడేసుకుని, చొక్కా తగిలించిన హ్యాంగరులా ఉండేవాడు. ఆదివారం చర్చిలో ప్రార్థన చేయడానికి లేచి నిలబడ్డాడంటే మాత్రం, ఇంత శబ్దం ఈ ఒంట్లో ఎక్కడ దాచుకున్నాడా అని కొత్తవాళ్ళు మెడలు తిప్పి చూసేవారు. వెనక బెంచీలో కునికిపాట్లు పడే ముసలాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవారు. ఆ గొంతు వల్లే చిన్నవయసులో సంఘపెద్దల్లో ఒకడయ్యాడు. ఆ గొంతు వల్లే చెడ్డానని కూడా తర్వాత్తర్వాత అనుకునేవాడు.

దుకాణం బడికి ఎదురుసందులో ఉండేది. ముందుగది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. బడిపిల్లల యూనిఫాములన్నీ అతనే కుట్టేవాడు. భార్య ఊళ్ళో ఉద్యోగాలకెళ్ళే తల్లుల పసిపిల్లల్ని చూసుకునే క్రెష్‌లో ఆయాగా చేసేది. నవ్వుతూనే చురక అంటించగల మనిషి. "ఈయన దేవుడితో మాట్లాడేటప్పుడు దేవుడికి కాస్త చెవుడు అనుకుంటారు" అని పాస్టరుగారి ముందే అనేసేది.

వాళ్ళకి ఒక్కతే కూతురు. ఎవరైనా పలకరిస్తే చాలు, భుజాలు దగ్గరికి లాక్కుని ముడుచుకుపోతుందని ఇంట్లో అందరూ గువ్వ అని పిలిచేవారు. నోట్లో నాలుక లేని పిల్ల. బడిలో ఆ పిల్ల పెన్సిళ్ళు ఎవరైనా తీసుకోవచ్చు, కూర్చునే చోటూ ఎవరైనా లాక్కోవచ్చు. అడిగితే, "పోన్లే నాన్నా, వాళ్ళకి కావాలట" అనేది. వీపు వంగిన మనిషికి గుడ్డ కత్తిరించేటప్పుడు వెనక ముక్క కాస్త పొడుగు వదలాలి, లేకపోతే బట్ట వెనక పైకి లేస్తుంది. ముసలివాళ్ళ కోసం చేసే ఆ సర్దుబాటు, ఇంకా లోకం చూడని పిల్ల గౌనుకి చేయాల్సి వచ్చినప్పుడల్లా టైలరుకి మనసు చివుక్కుమనేది.

అలాంటి రోజుల్లో బడిలో కరాటే క్లాసు పెట్టారు. నేర్పడానికి ఒకావిడ వచ్చింది. పొద్దున పార్సిల్ ఆఫీసులో మూటలు సర్దే పని, సాయంత్రం బడిలో ఈ పని. పొట్టి మనిషి, నెమ్మదైన మాట. బడి భోజనాల హాల్లో బల్లలన్నీ గోడవారకి జరిపి పిల్లల్ని వరసల్లో నిలబెట్టేది. తెల్లటి వదులు చొక్కాలూ పంట్లాలూ కుట్టే పని టైలరుకే వచ్చింది. మందపాటి నూలుగుడ్డ, చంకల కింద అదనపు ముక్క వేసి చేతులు విసిరినా పిగలకుండా కుట్టాలి. కొత్తరకం పని కదా అని ముచ్చటపడి కుట్టాడు. గువ్వ చొక్కాకి లోపలివైపు ఎవరికీ కనపడకుండా చిన్న పిట్టబొమ్మ కూడా దారంతో కుట్టాడు.

పిల్లలో మార్పు ముందు టేపుకే తెలిసింది. కొత్త యూనిఫాముకి కొలతలు తీస్తూ, వెనక ముక్క పొడుగు వదలక్కర్లేదని గమనించాడు. మళ్ళీ కొలిచాడు. "ఏమే గువ్వా, ఊపిరి బిగపట్టి నిలబడ్డావా?" అన్నాడు.

"లేదు నాన్నా. ఊరికే నిలబడ్డా."

ఆ సాయంత్రం భార్యతో ఆ మాట చెప్పుకుని ఇద్దరూ మురిసిపోయారు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేదో.

ఒకరోజు గువ్వ తెల్లబట్టలు వేసుకుని దుకాణంలోకి వచ్చి, "నాన్నా, ఎలా మొదలుపెడతామో చూపిస్తా" అంది. కాళ్ళు జోడించి, చేతులు తొడలకి ఆనించి, నడుము వంచి గోడకి వంగింది.

"ఎవరికే అది?"

"గోడమీద ఒక తాతగారి ఫొటో ఉంటుంది నాన్నా. ఈ విద్య మొదలుపెట్టినాయనట. ముందు ఆయనకి వంగుతాం, తర్వాత టీచరుకి. తర్వాత కళ్ళు మూసుకుని మోకాళ్ళమీద కూర్చుంటాం. మనసు ఖాళీ చేసుకోవాలి."

మిషను తొక్కుతున్న అతని కాలు ఆగిపోయింది.

ఇక్కడ టైలరు తండ్రి సంగతి చెప్పాలి. ఆయన ఒక నూలుమిల్లులో పనిచేసేవాడు. మిల్లు గుమ్మంలో యజమాని తాతగారి పెద్ద పటం ఉండేది. లోపలికెళ్ళే ప్రతి కూలీ దానిముందు వంగి దణ్ణం పెట్టి వెళ్ళాలని యజమాని ఆజ్ఞ. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఆయన, "మనిషి పటానికి నేను మొక్కను" అన్నాడు. ఒక్కడే అన్నాడు. పని పోయింది. ఆ ఏడాది ఇంట్లో పొయ్యి వెలగని పూటలు టైలరుకి ఇంకా గుర్తే. పోయేముందు తండ్రి కొడుకు చెయ్యి పట్టుకుని, "మన మోకాలు వంగేది ఒక్కరికే, ఒరే" అన్నాడు. అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి, తన కూతురు తను కుట్టిన బట్టలతోనే ఒక పటానికి వంగుతోందని విన్నాడు. అతని భయం నాటకం కాదు. ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

ముందు పాస్టరుగారి దగ్గరికెళ్ళాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మొక్కడం వేరు, మర్యాద ఇవ్వడం వేరు కదా బ్రదర్. ఆ పిల్లలు ఏ మనసుతో వంగుతున్నారో మనకి తెలియదు. ఒకసారి ఆ టీచరమ్మతో మాట్లాడి చూడండి."

భార్య కూడా అదే అంది. "హాలు కిటికీలు తెరిచే ఉంటాయండీ. వెళ్ళి కాసేపు చూసి రండి. మీ కళ్ళతో చూశాక మీకేమనిపిస్తే అదే చేద్దాం."

"చూసేదేముంది? పిల్లే వంగి చూపించింది కదా" అన్నాడు టైలరు.

మాట్లాడదాంలే అనుకుంటూనే ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో బేకరీ అక్క, కుళాయిలు బాగుచేసే తమ్ముడు, ఇంకా ఆ బడిలో పిల్లలున్న నలుగురైదుగురు కలిశారు. టైలరు తన మనసులో మాట చెప్పాడు. తండ్రి మిల్లు కథ చెప్పాడు. గొంతు వణికింది, అది నిజమైన వణుకే. బేకరీ అక్క కళ్ళు ఒత్తుకుంది. కుళాయిల తమ్ముడు, "అన్నా, మీరు ముందు నడవండి, మేం మీ వెనక ఉంటాం" అన్నాడు. ఒక మంచిమాట చెప్పి పదిమంది మనసు కదిలించినప్పుడు మనిషికి ఒళ్ళంతా ఒక వేడి పుడుతుంది. ఆ వేడిలో అతని కాళ్ళు నేలమీద ఆనలేదు. ఇంటికెళ్తుంటే భార్య, "ఏమండీ, ఇంకా ఎవరితోనూ మాట్లాడనేలేదు, అప్పుడే ఊరేగింపా?" అంది. అతను విననట్టు నడిచాడు.

ఆ వారంలోనే అందరూ కలిసి హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళారు. కుర్చీలు చాలక కొందరు బీరువాకి ఆనుకుని నిలబడ్డారు. కరాటే టీచరుని పిలిపించారు. పార్సిల్ ఆఫీసునుంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతులకి అట్టపెట్టెల దుమ్ము ఉంది. టైలరు చెప్పినదంతా అడ్డు తగలకుండా వింది.

"మీకిలా అనిపిస్తుందని నాకు తట్టలేదు సార్" అంది చివరికి. "నాకు నేర్పిన వాళ్ళు అలా మొదలుపెట్టేవారు, నేనూ అలాగే మొదలుపెట్టా. ఫొటో రేపే తీసేస్తా. వంగడం ఇష్టంలేని పిల్లలు ఊరికే నిటారుగా నిలబడితే చాలు. కళ్ళు మూసుకునే ఆ నిమిషంలో మీ పిల్లలు మీ ప్రార్థనే చేసుకోమనండి. నాకు కావలసింది వాళ్ళు కాస్త నెమ్మదించడం, అంతే."

ఆ మాటతో టైలరు గుండెల్లో బరువు నిజంగానే దిగిపోయింది. ఇది అతను తర్వాత ఎన్నోసార్లు తవ్వి చూసుకున్న క్షణం. దిగిపోయింది, అందులో సందేహం లేదు. ఇంక భయపడటానికి ఏమీ మిగల్లేదు. "సరేనమ్మా, సంతోషం" అని లేస్తే అయిపోయేది.

కానీ గదిలో అందరూ అతనివంకే చూస్తున్నారు. కుళాయిల తమ్ముడు పని మానుకుని వచ్చాడు. బేకరీ అక్క ఉపవాసం ఉండి వచ్చింది. ఇంత మందిని వెంటేసుకొచ్చి, ఒక్క మాటకి మెత్తబడి వెళ్ళిపోతే ఎలా ఉంటుంది? మిల్లు గుమ్మంలో తండ్రి కథ చెప్పిన నోటితో "సరే" అనడానికి మనసొప్పలేదు. ఆ గొంతే ముందుకొచ్చింది.

"పైగుడ్డ మారుస్తానంటున్నారమ్మా. లోపలి అస్తరు అదే ఉంటే కోటు మారినట్టా?"

మాట బాగా కుదిరింది. వెనకనుంచి ఎవరో "ఆమేన్" అన్నారు. టీచరు ఏదో చెప్పబోయి, ఆ ముఖాలన్నీ చూసి, చేతుల దుమ్ము దులుపుకుంది. హెడ్‌మిస్ట్రెస్‌కి గొడవలంటే గిట్టదు. వారం తిరక్కుండానే క్లాసు ఎత్తేశారు.

చర్చిలో అందరూ టైలరుతో చెయ్యి కలిపారు. పాస్టరుగారు మాత్రం, "టీచరమ్మ ఏమన్నారు బ్రదర్?" అని అడిగాడు. "ఏమంటుంది, ఆవిడ పద్ధతి ఆవిడది" అన్నాడు టైలరు.

ఇంట్లో గువ్వ ఏడవలేదు. ఏడుస్తుందని, బుజ్జగించాలని అతను సిద్ధమై కూర్చున్నాడు. ఆ పిల్ల తెల్లబట్టలు మడతపెట్టి తెచ్చి, కత్తిరింపు బల్లమీద పెట్టింది.

"నాన్నా, గుడ్డ గట్టిది. నీకు దేనికైనా పనికొస్తుంది."

"ఉంచుకో గువ్వా, ఇంట్లో వేసుకోవచ్చు."

"వద్దులే నాన్నా."

"కోపమా?"

"దేవుడికి ఇష్టంలేనిది నాకూ వద్దు నాన్నా" అంది. మనసారా అంది. తండ్రి మాటమీద ఆ పిల్లకి అంత నమ్మకం. బడిలో మిగతా పిల్లలు "మీ నాన్న వల్లే పోయింది" అని ఆ పిల్లని దూరం పెట్టిన సంగతి కూడా ఇంట్లో చెప్పలేదు. ఆయా పనిలో ఉన్న తల్లికి ఎవరో చెబితే తెలిసింది. ఆ తర్వాతి ఏడాది యూనిఫాము కత్తిరించేటప్పుడు టైలరు వెనక ముక్క మళ్ళీ పొడుగు వదిలాడు.

క్లాసు ఆగిన కొన్నాళ్ళకి ఆ టీచరు దుకాణానికి వచ్చింది. ఎదురుబల్ల దగ్గర ఒకాయన పంట్లాం పొట్టి చేయించుకోవడానికి కూర్చుని ఉన్నాడు.

"గొడవకి రాలేదు సార్. మీ అమ్మాయి గురించి ఒక మాట చెప్పిపోదామని. ఆ పిల్లకి నేను తన్నడం, గుద్దడం పెద్దగా నేర్పలేదు. గట్టిగా 'వద్దు' అనడం నేర్పుతూ వచ్చా. మొదట్లో పెదాలు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. ఈమధ్యే హాలంతా వినపడేలా అంది. అందరం చప్పట్లు కొట్టాం. ఇంట్లో మీరైనా అనిపిస్తూ ఉండండి. మానేస్తే పోతుంది."

టైలరు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. తప్పయిందమ్మా అనే మాట గొంతుదాకా వచ్చింది. కూర్చున్నాయన చెవులు ఇటే ఉన్నాయి. మర్నాడు ఆ మాట వీధంతా పాకుతుంది. "అలాగేనమ్మా" అని మాత్రం అన్నాడు. ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. తర్వాత ఆవిడ పార్సిల్ ఆఫీసు పని కూడా మానేసిందని, ఊరే వదిలిందని విన్నాడు. ఆవిడ వచ్చి వెళ్ళిన సంగతి ఇంట్లో చెప్పలేదు.

గువ్వ పెద్దదైంది. మందుల షాపులో ఉద్యోగం, షాపు దగ్గర్లోనే ఒక గది. ప్రతి ఆదివారం చర్చికొచ్చి, అమ్మానాన్నలతో భోంచేసి వెళ్ళేది. ఎవరినీ నొప్పించదు, ఎవరినీ ఏదీ అడగదు. షాపు యజమాని మిగతావాళ్ళ పని కూడా ఆమె నెత్తినే రుద్దేవాడు. "పోన్లే అమ్మా, ఎవరో ఒకరు చెయ్యాలిగా" అనేది. సంఘంలో ఆడవాళ్ళు, "పెంచితే అలా పెంచాలి" అని టైలరుని మెచ్చుకునేవారు. అతనికి ఆ మెప్పు మింగుడుపడేది కాదు.

ఒక మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ కాజాలు కుడుతూ కూర్చున్నారు. మాటల్లో మాటగా భార్య అంది, "గువ్వకి ఇంటరు అయిపోగానే ఫిజియోథెరపీ కోర్సులో సీటొచ్చింది, మీకు తెలుసా?"

"ఎప్పుడు? నాకెవరూ చెప్పలేదే!"

"నాకూ మొన్ననే చెప్పింది. అప్పుడు మనకి చెప్పకుండా తనే వద్దని రాసేసిందట. ఎందుకే అలా చేశావ్, నాన్న కాదంటారనా అని అడిగా. 'కాదమ్మా, నాకు కావాలి అని అడగడం నాకు అలవాటు లేదు' అంది."

టైలరు సూది పక్కన పెట్టేశాడు. లేచి వాకిట్లో నిలబడ్డాడు. ఎదురుగా బడి గోడ. తండ్రి గుర్తొచ్చాడు. ఇన్నేళ్ళూ తను తండ్రి చేసిన పనే చేశానని లోకమంతా అనుకుంది, తనూ అనుకోవడానికి ప్రయత్నించాడు. కానీ తండ్రి మిల్లు యజమాని ఎదుట ఒక్కడే నిలబడ్డాడు, తన అన్నం పోగొట్టుకున్నాడు. తను గదినిండా మనుషుల్ని వెంటేసుకుని, చేతులకి దుమ్ముతో వచ్చిన ఒక ఆడమనిషి ముందు నిలబడ్డాడు. పోయింది ఆవిడ పని. పోయింది కూతురి గొంతు. తనకేమీ పోలేదు, పైగా పేరొచ్చింది.

తర్వాతి ఆదివారం భోజనాలయ్యాక భార్య పక్కింటికి వెళ్ళింది. గువ్వ గిన్నెలు తుడుస్తోంది.

"గువ్వా, నీ కరాటే క్లాసు సంగతి..."

"అదెప్పటి మాట నాన్నా!" అని నవ్వింది. "నీ మీద నాకెప్పుడూ కోపం రాలేదు. చిన్నప్పుడు బాధపడ్డాను గానీ, నువ్వు దేవుడికోసం నిలబడ్డావు అనుకునేదాన్ని. తాతయ్యలాగా. అలా అనుకుంటే బాధ తగ్గేది."

అక్కడ ఊరుకోవచ్చు. ఊరుకుంటే కూతురి దగ్గరున్న ఆ ఒక్క ఓదార్పూ మిగిలేది. కానీ ఆ పోలిక అతను భరించలేకపోయాడు.

"దేవుడికోసం కాదమ్మా" అన్నాడు. "మొదట దేవుడికోసమే. కానీ ఆ రోజు ఆ గదిలో మీ టీచరు ఫొటో తీసేస్తానంది. వంగక్కర్లేదంది. మీ ప్రార్థనే చేసుకోమంది. నాకు అక్కడితో సరిపోయింది. అయినా ఒప్పుకోలేదు. అంతమంది చూస్తుంటే వెనక్కి తగ్గడానికి సిగ్గేసింది."

గువ్వ చేతిలో గిన్నె అలాగే ఉంది.

"తీసేస్తానందా?"

"ఆఁ."

"నాకెవరూ చెప్పలేదు."

"నేనే దాచాను."

ఆమె గిన్నె బోర్లించి, గుడ్డ ఆరేసి, సంచీ తీసుకుంది. "నాకు పనుందని అమ్మకి చెప్పు" అని వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం చర్చికి రాలేదు. ఆ పైవారమూ రాలేదు. ఫోను చేస్తే తల్లితో మాట్లాడేది, నాన్న ఏడని అడిగేది కాదు. భార్య ఇంకో రెండురోజులు చూసి, "ఏం చేశారు మళ్ళీ?" అంది. అతను అంతా చెప్పాడు. ఆమె ఈసారి చురకలేమీ వెయ్యలేదు. "చెప్పకుండా ఉండాల్సింది అనను. చెప్పి మంచి చేశారనీ అనలేను" అని లోపలికెళ్ళింది.

తన మనసు తేలిక చేసుకోవడానికి బరువంతా పిల్లమీదికి దించానేమోనని టైలరు కుమిలిపోయాడు. చర్చిలో ప్రార్థనకి పిలిస్తే, గొంతు బాగాలేదని కూర్చునే ఉండేవాడు. కొందరు మందులు చెప్పారు.

చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఆదివారం కాని ఒక రోజున, గువ్వ దుకాణంలోకి వచ్చింది. తల్లి క్రెష్‌లో ఉంది. సంచీ భుజానే ఉంచుకుని, కత్తిరింపు బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఆ తర్వాత టీచరు నీకు ఎప్పుడైనా కనపడిందా నాన్నా?"

"ఒకసారి ఇక్కడికే వచ్చింది."

"ఇక్కడికా? నా గురించి ఏమైనా అందా?"

చెప్పాడు. వద్దు అనడం నేర్పానంది, హాలంతా వినపడేలా అన్నావంది, అందరూ చప్పట్లు కొట్టారంది, ఇంట్లో అనిపిస్తూ ఉండమంది. గువ్వ ముఖం పక్కకి తిప్పుకుని వింది.

"ఇంకా?"

"అంతేనమ్మా."

"సరిగ్గా గుర్తుచేసుకో. ఆవిడ అన్న మాటలే చెప్పు, నీ మాటల్లో వద్దు."

అతను కళ్ళు మూసుకుని, మొదటినుంచీ చెప్పాడు. పెదాలు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు అన్న దగ్గర ఆమె తల ఊపింది, అది నిజమేనన్నట్టు. మానేస్తే పోతుంది అన్న దగ్గర కళ్ళు తుడుచుకుంది.

"ఎంతసేపు ఉంది? ఎక్కడ కూర్చుంది?"

టైలరు దుకాణమంతా ఒకసారి చూశాడు. మిషను పక్కన ఎప్పుడూ ఉండే ఖాళీ స్టూలు ఉంది.

"కూర్చోలేదమ్మా. అక్కడే, గుమ్మం దగ్గర నిలబడి చెప్పి వెళ్ళిపోయింది" అన్నాడు. "కూర్చోమని నేను అనలేదు."